శాతాల కోసం షరతులు అమ్ముకోవద్దు

తెలుగు సినిమా కార్మికులు 2025 ఆగస్టు 4న షూటింగులు ఆపేశారు. పద్ధెనిమిది రోజుల తర్వాత, ఆగస్టు 21న, ప్రభుత్వ మధ్యవర్తిత్వంతో సమ్మె ముగిసింది. కార్మికులు అడిగింది ఒకేసారి 30 శాతం వేతనాల పెంపు. కుదిరింది మూడేళ్లలో విడతలవారీగా 22.5 శాతం. ఈ రెండు అంకెల మధ్య తేడానే గెలుపోటములకు కొలబద్దగా తీసుకుని చాలామంది చర్చ ముగించేశారు. ఏ పెద్ద హీరో సినిమా ఆగిపోయింది, విడుదల తేదీలు ఎంత వెనక్కి వెళ్లాయి, నిర్మాతలకు ఎన్ని కోట్ల నష్టం అన్న లెక్కలు బాగానే వినిపించాయి. ఆ పద్ధెనిమిది రోజులూ కృష్ణానగర్‌లో అద్దె ఇంట్లో పొయ్యి ఎలా వెలిగిందన్న లెక్క మాత్రం ఎవరూ అడగలేదు. పొయ్యి వెలిగించే బాధ్యత ఎవరిదో మనకు తెలుసు కాబట్టి ఆ లెక్క మనమే అడగాలి.

సినిమాల్లో స్త్రీని చూపించే తీరు మీద స్త్రీల సంఘాలు దశాబ్దాలుగా పోరాడుతున్నాయి. అశ్లీల పోస్టర్లకు తారు పూసిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. తెర మీది స్త్రీ మనకెంత ముఖ్యమో, తెర వెనక కార్మికురాలిగా నిలబడ్డ స్త్రీ కూడా అంతే ముఖ్యం. ఫిల్మ్ నగర్, జూబ్లీహిల్స్ కొండల మీద స్టూడియోలు, బంగళాలు, ఫిల్మ్ ఛాంబర్ ఉంటే, ఆ కొండ దిగితే కృష్ణానగర్, యూసఫ్‌గూడ ఇరుకు గదులున్నాయి. అక్కడినుంచి తెల్లవారకముందే బయలుదేరే వారిలో గుంపు సీన్లలో నిలబడే జూనియర్ ఆర్టిస్టులున్నారు, డాన్సర్లున్నారు, హెయిర్ డ్రెస్సర్లున్నారు, యూనిట్ మొత్తం తిన్న గిన్నెలు కడిగి, సెట్ ఊడ్చే ఆడవాళ్లున్నారు. రోజు కూలీ మీద బతికే ఈ స్త్రీలకు ఒప్పందంలోని ఒక్కొక్క వాక్యమూ జీవన్మరణ సమస్యే.

చర్చల్లో నిర్మాతలు జీతం పెంపును ఒట్టిగా ఇస్తామనలేదు. పెంపుకు బదులుగా కొన్ని షరతులు ముందు పెట్టారు. వాటిలో మన చర్చకు ముఖ్యమైనవి మూడు. కాల్‌షీట్ వేళలను తమ వీలును బట్టి మార్చుకునే సడలింపు ఒకటి. యూనియన్ సభ్యులు కానివారిని కూడా పనిలో పెట్టుకునే స్వేచ్ఛ రెండోది. ఆదివారాలు, సెలవు రోజుల్లో ఇచ్చే డబుల్ కాల్‌షీట్‌ను కుదించడం మూడోది. పైకి ఇవి నిర్వహణకు సంబంధించిన చిన్న సర్దుబాట్లలాగే కనిపిస్తాయి. వీటిలో లింగ వివక్ష ఎక్కడుందని అడిగేవాళ్లూ ఉంటారు. ఒక నియమంలో 'స్త్రీ' అన్న మాట లేనంత మాత్రాన దాని బరువు ఆడా మగా మీద సమానంగా పడదు.

కాల్‌షీట్ సంగతే తీసుకుందాం. పని ఏ వేళకు మొదలవుతుందో, ఏ వేళకు ముగుస్తుందో ముందుగా తెలియకపోతే మగ కార్మికుడికి ఇబ్బందే. కాదనను. కానీ అతను ఏ వేళకు ఇంటికొచ్చినా కంచంలో అన్నం ఉంటుంది. ఆమె ఏ వేళకు వచ్చినా ఇల్లు ఆమె కోసం పని సిద్ధంగా ఉంచుతుంది. పిల్లలను ఎవరికి అప్పజెప్పాలి, నీళ్లొచ్చే వేళకు ఎవరుంటారు, అర్ధరాత్రి షూటింగ్ ముగిశాక ఆటో దొరుకుతుందా, దొరికినా ఎక్కడం క్షేమమేనా? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పకుండా 'సడలింపు' అనే మాట వాడడమంటే, యాజమాన్యం వీలు కోసం స్త్రీ తన ఇంటి పనినీ, నిద్రనూ, భద్రతనూ వంచుకోవాలని చెప్పడమే. తల్లి అయిన ఒక ప్రసిద్ధ నటి ఎనిమిది గంటల పనిదినం కోరిందన్న వార్త మీద 2025లో దేశమంతా వాదోపవాదాలు సాగాయి. కోట్ల పారితోషికం తీసుకునే నటి అడిగితేనే అంత రభస అయినప్పుడు, రోజు కూలీకి వచ్చే స్త్రీ నోరు తెరిచి అడగగలదా? ఆమె తరఫున అడగాల్సింది యూనియనే. అందుకే పనిగంటలు బేరానికి పెట్టే సరుకు కాకూడదు.

ఇక శాతాల విషయం. సమ్మె మధ్యలో నిర్మాతలు వేతనాన్ని బట్టి వేర్వేరు శాతాలు ఇస్తామన్నారు. రోజుకు 2,000 రూపాయల లోపు తీసుకునేవారికి ఎక్కువ శాతం, ఆపైన తీసుకునేవారికి తక్కువ శాతం. ఇది కార్మికులను విడదీసే ఎత్తుగడ అని ఫెడరేషన్ దాన్ని తిరస్కరించింది. అందరికీ ఒకే శాతం అన్నది ఐక్యతకు గుర్తని వాదించింది. ఈ వాదనలో నిజం ఉంది. వేతనాల మెట్ల మధ్య గోడలు కట్టి ఒక యూనియన్ మీదికి మరో యూనియన్‌ను ఉసిగొల్పడం యాజమాన్యాలకు కొత్త విద్య కాదు.

కానీ మనం కాస్త ఆగి లెక్క వేసుకోవాలి. రోజుకు 1,000 రూపాయలు తీసుకునే మనిషికీ, 5,000 తీసుకునే మనిషికీ ఒకేలా 22.5 శాతం పెంచామనుకోండి. మొదటి మనిషికి 225 రూపాయలు పెరుగుతాయి, రెండో మనిషికి 1,125. పెంపుకు ముందు ఇద్దరి మధ్య ఉన్న తేడా 4,000 రూపాయలు, పెంపు తర్వాత 4,900. ఒకే శాతం ఇచ్చాక అంతరం తగ్గలేదు, పెరిగింది. నైపుణ్యం ఉన్న పనులని పేరు పెట్టినవి ఎక్కువగా మగవాళ్ల చేతుల్లోనూ, నైపుణ్యం లేని పనులని పేరు పెట్టినవి ఎక్కువగా ఆడవాళ్ల చేతుల్లోనూ ఉన్న పరిశ్రమలో ఈ అంతరం ఎవరి మధ్య పెరుగుతున్నదో వేరే చెప్పనక్కర్లేదు. వందమంది తిన్న గిన్నెలు కడగడానికి నైపుణ్యం అక్కర్లేదని నిర్ణయించిందెవరు? ఇంట్లో ఆ పని ఉచితంగా జరుగుతుంది కాబట్టి బయట దానికి విలువ తక్కువ కట్టారు. సమాజశాస్త్రంలో దీనికి పెద్ద పెద్ద పేర్లున్నాయి గాని, ఏ ఇల్లాలిని అడిగినా ఒక్క ముక్కలో చెబుతుంది.

అలాగని నిర్మాతల ప్రతిపాదనకు చప్పట్లు కొట్టాలని నేననడం లేదు. కింది మెట్టు వారికి ఎక్కువ శాతం అన్న మాటను యాజమాన్యం నోటివెంట రానివ్వడమే అసలు లోపం. ఆ మాట యూనియన్ కోర్కెల పత్రంలోనే మొదటి వాక్యంగా ఉండాల్సింది. కనీస వేతనం ఇంత, దానికి దిగువన ఏ శాఖలోనూ ఎవరూ ఉండకూడదు, ఆపైన అందరికీ పెంపు ఇంత అని కార్మికులే ముందుగా అడిగి ఉంటే, అదే ప్రతిపాదన విడదీసే ఆయుధం కాకుండా కలిపే సూత్రమయ్యేది. పై మెట్టు మీది కార్మికుడు కింది మెట్టు మీది కార్మికురాలి కోసం ఒక రూపాయి తక్కువకు ఒప్పుకోవడమే అసలైన ఐక్యత.

రాయితీలు ఇచ్చి ఒప్పందం చేసుకోవాలా, వద్దా అన్న సంకటం కృష్ణానగర్ కార్మికులది మాత్రమే కాదు. ఆకాశంలో విమానాలు నడిపే పైలట్లు కూడా ఆ స్థితిలోనే ఓటు వేయాల్సి వచ్చింది. అమెరికాలో 2004 నవంబరులో డెల్టా విమాన సంస్థ పైలట్లు సంస్థ దివాలా తీయకుండా ఉండాలంటే తప్పదని నమ్మి, తమ జీతాల్లో 32.5 శాతం కోతకు తామే ఓటు వేశారు. అంతకు ముందు ఏడాది అమెరికన్ ఎయిర్‌లైన్స్‌లో జరిగిన కథ మనకు మరింత అవసరం. 2003 ఏప్రిల్‌లో అక్కడి పైలట్లు, నేల మీద పనిచేసే కార్మికులు, అత్యధికంగా స్త్రీలే ఉన్న ఫ్లైట్ అటెండెంట్లు, ముగ్గురినీ కలిపి ఏడాదికి సుమారు 162 కోట్ల డాలర్ల మేరకు జీతాలు, సౌకర్యాలు వదులుకోమన్నారు. ఫ్లైట్ అటెండెంట్లు మొదట కాదన్నారు. ఓటింగ్ గడువు పొడిగించాక ఒప్పుకున్నారు. ఆ తర్వాత గాని బయటపడలేదు, పై అధికారులకు బోనసులు, వారి పెన్షన్ల రక్షణకు ప్రత్యేక నిధి ముందే ఏర్పాటయ్యాయని. గొడవ చెలరేగి సంస్థ అధిపతి రాజీనామా చేయాల్సి వచ్చింది.

ఈ కథలో నీతి ఏమిటి? నష్టాల్లో ఉన్నామని చెప్పే యాజమాన్యం లెక్కల పుస్తకం మొత్తం తెరిచాకే కార్మికులు ఓటు వేయాలి. మన దగ్గరా అంతే. చిన్న నిర్మాతలు అప్పులపాలవుతున్న మాట అబద్ధం కాదు. వారి కష్టాన్ని మనం కొట్టిపారేయకూడదు. కానీ ఖర్చు పెరిగింది ఎక్కడ? 2022 ఆగస్టు 1 నుంచి నిర్మాతలే షూటింగులు ఆపుకుని కూర్చున్నప్పుడు వారు చర్చించిన విషయాల్లో నటుల పారితోషికాలు, టికెట్ ధరలు, ఓటీటీలో సినిమా వచ్చే గడువు ఉన్నాయి. అంటే ఖర్చు ఎక్కడుందో వారికి తెలుసు. అన్నట్టు, నిర్మాతలు పని ఆపితే దాన్ని 'ఆత్మపరిశీలన' అన్నారు, కార్మికులు ఆపితే 'సమ్మె' అన్నారు, 'పరిశ్రమకు ముప్పు' అన్నారు. పని ఆగిన రోజుల్లో కూలీ రాకపోవడం మాత్రం రెండుసార్లూ కార్మికుల వంతే అయింది.

యూనియన్ సభ్యులు కానివారిని పెట్టుకునే స్వేచ్ఛ అన్న షరతు దగ్గర స్త్రీలు రెండు వైపులా ఆలోచించాలి. ఆ తలుపు తెరిస్తే కార్డున్న స్త్రీ తన హక్కులు కోల్పోతుంది. ఆమె స్థానంలోకి ఏజెంట్ల చేతుల మీదుగా, ఇంకా తక్కువకు, ఏ రక్షణా లేని మరో స్త్రీ వస్తుంది. ఇద్దరూ నష్టపోతారు. బాగుపడేది ఏజెంటు. అయితే ఆ రెండో స్త్రీ ఎందుకు బయట ఉంది? కార్డు ఖరీదు భరించలేకా? సిఫారసు లేకా? ఆ శాఖలో ఆడవాళ్లకు చోటు లేదన్నారా?

యూనియన్ అన్నంత మాత్రాన అది పితృస్వామ్యానికి అతీతమైపోదు. దీనికి సుప్రీంకోర్టు తీర్పే సాక్ష్యం. ముంబయి సినిమా రంగంలో మేకప్ కళాకారుల సంఘం స్త్రీలకు హెయిర్ డ్రెస్సర్ కార్డు మాత్రమే ఇచ్చేది, మేకప్ ఆర్టిస్టు కార్డు ఇచ్చేది కాదు. శిక్షణ పొందిన చారు ఖురానా అనే మహిళ, మరికొందరు దీనిమీద పోరాడారు. 2014 నవంబరు 10న జస్టిస్ దీపక్ మిశ్రా, జస్టిస్ యు.యు. లలిత్‌ల ధర్మాసనం ఆ నిబంధన రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. దశాబ్దాల పాటు ఒక కార్మిక సంఘం నియమావళిలో స్త్రీకి ఆమె చేతి పని నిషేధించి ఉంది, ఆ నియమావళికి ప్రభుత్వ రిజిస్ట్రేషన్ కూడా ఉంది! కాబట్టి నిర్మాతలు గేటు తెరుస్తామని ఊరించకముందే, యూనియన్లు తమ తలుపులు స్త్రీలకు తెరవాలి. బయట ఉన్న స్త్రీని లోపలికి పిలవని సంఘం, ఆమెను తనకు పోటీగా నిలబెట్టిన యాజమాన్యాన్ని తిట్టి లాభం లేదు.

భద్రత విషయం శాతాల చర్చలో కలవనే కలవలేదు. 2018లో ఫిల్మ్ ఛాంబర్ ముందు ఒక నటి చేసిన నిరసన తర్వాత తెలుగు సినిమాల్లో లైంగిక దోపిడీ గురించి అందరూ మాట్లాడారు. స్త్రీల సంఘాల పట్టుదలతో 2019లో తెలంగాణ ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. 2022లో అది నివేదిక ఇచ్చింది. 2024 ఆగస్టులో కేరళలో హేమ కమిటీ నివేదిక బయటికొచ్చాక, మన నివేదికనూ బయట పెట్టమని పరిశ్రమలోని స్త్రీల బృందం వాయిస్ ఆఫ్ విమెన్, నటి సమంత కోరారు. లైంగిక వేధింపుల చట్టం వచ్చింది 2013లో. సినిమా నిర్మాణ యూనిట్ కూడా పనిచేసే చోటేనని, ప్రతి యూనిట్‌లోనూ అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలని కేరళ హైకోర్టు 2022 మార్చిలో చెప్పింది. ఇన్ని ఉండి కూడా వేతన ఒప్పందాల బల్ల మీదికి ఈ విషయం రాకపోవడానికి కారణం వెతకనక్కర్లేదు. ఆ బల్ల చుట్టూ ఎవరు కూర్చుంటున్నారో చూస్తే చాలు. ఫిర్యాదు చేస్తే మర్నాడు పిలుపు రాదన్న భయం ఉన్నంత కాలం వేతనం, గౌరవం రెండు వేర్వేరు డిమాండ్లు కావు.

చట్టాలు కూడా మన కళ్ల ముందే మారాయి. సినిమా కార్మికులతో రాతపూర్వక ఒప్పందం ఉండాలని చెప్పిన 1981 నాటి చట్టం నాలుగు లేబర్ కోడ్‌లలో కలిసిపోయింది. ఆ కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి. 'ఆడియో విజువల్ వర్కర్' అన్న పేరుతో సినిమా, టీవీ వారికి రాత ఒప్పందం తప్పనిసరి అని వాటిలో ఉంది. ఫిర్యాదుల పరిష్కార కమిటీలో స్త్రీలకు వారి సంఖ్యకు తగినంత ప్రాతినిధ్యం ఉండాలని ఉంది. వీటిని మనం గట్టిగా పట్టుకోవాలి. అదే సమయంలో సమ్మెకు ముందు 14 రోజుల నోటీసు తప్పనిసరి అయింది. సగం మంది లేదా అంతకు మించి కలిసి సెలవు పెట్టినా అది సమ్మె కిందికే వస్తుంది. స్త్రీలు తమ సమ్మతితో రాత్రి వేళ పనిచేయవచ్చన్నారు. సమ్మతి! రేపటి కూలీ ఎవరి చేతిలో ఉందో ఆ మనిషి వచ్చి 'రాత్రి ఉంటావా అమ్మా' అని అడిగితే, లేదనగల ధైర్యం ఉన్నప్పుడే అది సమ్మతి. ఆ ధైర్యాన్ని చట్టం ఇవ్వలేదు, సంఘం ఇవ్వగలదు.

అందుకని ఓటు గురించి మాట్లాడాలి. సమ్మెకు వెళ్లడం, సమ్మె విరమించడం, షరతులు ఒప్పుకోవడం, ఇవి నాయకులు గదిలో కూర్చుని తేల్చే విషయాలు కావు. హాలీవుడ్ నటీనటుల సంఘం 2023లో 118 రోజుల సమ్మె తర్వాత కుదిరిన ఒప్పందాన్ని సభ్యుల ఓటుకు పెట్టింది. ఓటు వేసిన వారిలో 78 శాతం పైగా ఆమోదించారు. అయితే అసలు ఓటు వేసిన వారు సభ్యుల్లో 38 శాతమే. ఓటు హక్కు ఉంటే సరిపోదు, ఆ ఓటు వేసే తీరిక, తెలివిడి, ధైర్యం అందరికీ అందాలి. స్త్రీల విషయంలో ఈ మూడూ మరీ ముఖ్యం. సాయంత్రం ఏడు గంటలకు సమావేశం పెట్టి, ఆడవాళ్లు రాలేదని నిందించే సంఘాలను మనం చాలానే చూశాం.

2025 ఒప్పందం మూడేళ్లది. అంటే 2028లో మళ్లీ అదే బల్ల, అవే కుర్చీలు. అప్పటిదాకా ఆగకుండా స్త్రీల సంఘాలు, సినిమా కార్మిక సంఘాలు కలిసి ఇప్పుడే పని మొదలుపెట్టాలి. ఒప్పందం ముసాయిదా మొత్తం తెలుగులో రాసి, చదువురాని వారికి చదివి వినిపించాలి. ప్రతి శాఖలోనూ రహస్య ఓటు ఉండాలి, ఓటింగ్ స్త్రీలకు వీలైన చోట, వీలైన వేళ జరగాలి. చర్చలకు వెళ్లే బృందంలో కింది వేతనాల స్త్రీలు తప్పక ఉండాలి. వారిని వెనక కుర్చీల్లో అలంకారంగా కూర్చోబెడితే కుదరదు. కనీస వేతనం ఎంతన్నది శాతాల కంటే ముందు తేలాలి. పనిగంటలు, రాత్రి ఇంటికి చేర్చే వాహనం, మరుగుదొడ్డి, దుస్తులు మార్చుకునే గది, ఫిర్యాదుల కమిటీ, వీటిని ఏ శాతానికీ బదులుగా ఇవ్వకూడదని ముందే రాసి పెట్టుకోవాలి.

రాయితీ ఇవ్వడమే తప్పని నేను అనడం లేదు. కష్టకాలంలో కార్మికులు ఒక మెట్టు దిగాల్సి రావచ్చు. పైలట్లు దిగారు, సినిమా కార్మికులూ 30 శాతం నుంచి దిగారు. దిగేటప్పుడు ఎవరి భుజం మీద కాలు పెట్టి దిగుతున్నామన్నదే ప్రశ్న. సంఘం ఇచ్చే ప్రతి రాయితీలోనూ అందరికంటే తక్కువ తీసుకునే స్త్రీ వాటా ఎంత, ఆ వాటాకు ఆమె ఒప్పుకుందా, ఒప్పుకునే ముందు ఆమెను అడిగారా? ఈ మూడు ప్రశ్నలు ఫిల్మ్ నగర్‌లోనే కాదు, బీడీ కంపెనీల్లో, ఆసుపత్రుల్లో, అంగన్‌వాడీల్లో, మనం పనిచేసే స్వచ్ఛంద సంస్థల్లో కూడా అడుగుదాం. జవాబు వచ్చేదాకా సంతకం పెట్టొద్దని చెబుదాం.